ఫ్యామిలీ ఈజ్ అనాలా, ఫ్యామిలీ ఆర్ అనాలా? రూపం, భావం మధ్య ఎలా ఎంచుకోవాలి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పెళ్లి కార్డు అంటే మూడు భాషల పని. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా, దూరాన ఉన్న స్నేహితుల కోసం వెనకాల ఇంగ్లీషులో నాలుగు లైన్లు. మొన్న మాఘమాసంలో మా వీధి చివర ప్రెస్సులో కూచుని ఒక కార్డు ప్రూఫు చూస్తున్నాను. తెలుగు పేజీలో తప్పులేమీ లేవు. ఒడియా పేజీ పెళ్లికూతురి మేనమామ చూసేశాడు. ఇంగ్లీషు పేజీ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఆగిపోయాడు.

"మాస్టారూ, ద ఫ్యామిలీ తరవాత రిక్వెస్ట్స్ ఉంది కదండీ. ఎస్సు ఉంచమంటారా, తీసేమంటారా?"

ఉంచమన్నాను. పెళ్లికూతురి అన్న బెంగళూరు నుంచి ఫోన్‌లో తీసెయ్యమన్నాడు. "ఫ్యామిలీ అంటే మేమందరం కదా మాస్టారూ, ఒక్కరం కాదు కదా" అని అతని వాదన. నాదేమో, మాట ఒక్కటే కాబట్టి క్రియ కూడా ఒక్కటిగానే ఉండాలని. కుర్రాడు ఎస్సు పెట్టడం, తియ్యడం, మళ్లీ పెట్టడం. తమాషా ఏమిటంటే ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఈ చిక్కు పెళ్లి కార్డుకే కాదు, పరీక్ష పేపరుకీ, ఆఫీసు నోటీసుకీ, విదేశీ యూనివర్సిటీకి పెట్టే అప్లికేషన్‌కీ వస్తుంది. ఎక్కడ ఏది వాడితే నెట్టుకురావచ్చో, ట్యూషన్‌లో ఇన్నేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన అనుభవంతో చెప్తాను.

## అసలు తగువు ఏమిటి

ఇంగ్లీషులో కర్త ఏకవచనమైతే క్రియ ఏకవచనం, కర్త బహువచనమైతే క్రియ బహువచనం. ఇంతవరకు ఆరో క్లాసు పాఠమే. చూడటానికి ఒక్కటిలా ఉండి లోపల పదిమందిని పెట్టుకున్న మాటలతోనే పేచీ వస్తుంది. ఫ్యామిలీ, టీమ్, కమిటీ, స్టాఫ్, గవర్నమెంట్ అలాంటివి. దీనికి తలకిందులుగా, చూడటానికి చాలా ఉన్నట్టు కనిపించి మనసులో ఒక్కటిగా నిలిచేవీ ఉన్నాయి. టెన్ రుపీస్, ఫైవ్ కిలోమీటర్స్ అనేవి ఈ రెండో రకం.

మాట ఆకారం చూసి క్రియ పెడితే గ్రామటికల్ అగ్రిమెంట్. మాట వెనక మనం అనుకుంటున్నది చూసి పెడితే నోషనల్ అగ్రిమెంట్. కొన్ని గ్రామర్ పుస్తకాల్లో అగ్రిమెంట్ బదులు కాంకార్డ్ అని ఉంటుంది, రెండూ ఒకటే. మనం తేలిగ్గా రూపం, భావం అనుకుందాం. వీటికి తోడు మూడోది ఇంకొకటి ఉంది, ప్రాక్సిమిటీ. అంటే క్రియకు పక్కనే ఉన్న మాటను చూసి క్రియ పెట్టడం.

ఇదంతా మనకేదో కొత్త సంగతి అనుకోకండి. తెలుగులో రోజూ చేసే పనే. "జనం వచ్చారు" అంటాం. జనం అన్న మాటకు బహువచనం గుర్తు ఎక్కడా లేదు, అయినా క్రియ చివర "రు" పడుతుంది. అది భావం. "మాస్టారు వచ్చారు" అంటే వచ్చింది నేనొక్కణ్ణే, అక్కడ మర్యాద క్రియని మార్చేసింది. "పాలు పొంగాయి" అంటాం. గిన్నెలో ఉన్నది ఒకటే పదార్థం, కానీ "పాలు" అనే రూపం బహువచనం కాబట్టి "పొంగింది" అంటే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. అది రూపం. డబ్బుల దగ్గర మనకే స్థిరం లేదు. "వంద రూపాయలు సరిపోతుంది", "వంద రూపాయలు సరిపోతాయి" ఒకే ఇంట్లో ఒకే పూట వినిపిస్తాయి.

మా వీధి కుళాయి దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పొద్దున్నే కుళాయి బుస్సుమనగానే మా ఇంట్లోంచి "నీళ్లొచ్చాయి" అని కేక. పక్కింటి ఒడియా ఆవిడ అదే క్షణంలో లోపలికి తిరిగి "పాణి ఆసిలా" అంటుంది. అదే కుళాయి, అవే నీళ్లు. మా నోట బహువచనం, ఆవిడ నోట ఏకవచనం. ఎవరి భాష రూపం వాళ్లది. బిందెలు మాత్రం ఇద్దరివీ నిండుతాయి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, చదివేది ఎవరు? దిద్దేవాడి చేతిలో ఒకే జవాబున్న కీ పేపరు ఉంటే మీ సూక్ష్మమైన భావాలతో అతనికి పని లేదు. చదివేది అమెరికా వాళ్లయితే ఒక అలవాటు, బ్రిటన్ వాళ్లయితే ఇంకో అలవాటు. మన ప్రయోజనం కోసం ఇదే పెద్ద కొలత అని నా ఉద్దేశం. మిగతావి దీని తరవాతే.

రెండోది, ఆ వాక్యంలో గుంపు ఒక్కటిగా కదులుతోందా, విడివిడిగానా? కమిటీ ఒక తీర్మానం చేసిందంటే ఒక్కటిగా కదిలింది. కమిటీలో వాళ్లలో వాళ్లు కొట్లాడుకున్నారంటే విడిపోయింది. ఒక్కటిగా ఉన్నది తనతో తాను కొట్లాడుకోదు కదా.

మూడోది చాలామంది మర్చిపోతారు. అసలు ఆ మాటకు ఎంపిక ఉందా? "ద పోలీస్" తరవాత ఎప్పుడూ "ఆర్", లండన్‌లోనైనా న్యూయార్క్‌లోనైనా. "పీపుల్" కూడా అంతే. అలాగే "న్యూస్", "మ్యాథమెటిక్స్" చివర ఎస్సు ఉన్నా ఎప్పుడూ "ఈజ్". వీటి దగ్గర కూచుని రూపమా భావమా అని తర్కించడం టైము దండగ.

నాలుగోది, వాక్యంలో తరవాత వచ్చే సర్వనామం. క్రియకు ఏకవచనం ఇచ్చి, రెండు మాటలు దాటగానే "దెయిర్" అంటే చదివేవాడికి కాలు మడతపడుతుంది. దీని మీద నాకో పాత గాయం ఉంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. అప్పటి స్కూల్లో నోటీసు రాసే పని నాకు పడింది. "ద స్టాఫ్ ఆర్ రిక్వెస్టెడ్ టు సైన్ దెయిర్ నేమ్స్ బిఫోర్ టెన్" అని రాశాను. పై ఆయన ఎర్ర పెన్నుతో "ఆర్" చుట్టూ సున్నా చుట్టి, పైన "ఈజ్" అని వేసి, నాకు తిరిగి ఇవ్వకుండా నేరుగా బోర్డుకి అంటించేశాడు. "దెయిర్" జోలికి మాత్రం పోలేదు. వారం రోజులు ఆ నోటీసు ముందు ఏకవచనంతో, వెనక బహువచనంతో గోడ మీద వేలాడింది. వచ్చిన ప్రతివాళ్లూ ఆ ఎర్ర సున్నా వంక, తరవాత నా వంక చూడటమే. నేను రాసిందీ చెల్లుతుంది, ఆయన అనుకున్నదీ చెల్లుతుంది. బోర్డు మీదికి ఎక్కింది మాత్రం రెండూ కానిది.

## మొదటి దారి: రూపం

మాటకు బహువచనం గుర్తు లేకపోతే ఏకవచనం క్రియ. "ద ఫ్యామిలీ ఈజ్", "ద టీమ్ హ్యాజ్", "ద గవర్నమెంట్ వాజ్". ఇందులో ఉన్న సుఖం, ఆలోచించే పని తక్కువ. పరీక్ష హాల్లో గడియారం పరుగెడుతున్నప్పుడు అదేమీ చిన్న సుఖం కాదు. అమెరికా ఇంగ్లీషులో గుంపు మాటలకు ఇదే మామూలు పద్ధతి. మన దగ్గర ఆఫీసు కాయితాల్లోనూ దీనికే ఓటు ఎక్కువ.

మధ్యలో దూరిన మాటలకు మోసపోకపోవడం ఈ దారిలో నేర్చుకోవాల్సిన విద్య. "ద హెడ్‌మాస్టర్, అలాంగ్ విత్ ద టీచర్స్, హ్యాజ్ కమ్." వచ్చింది పదిమందే అయినా కర్త హెడ్‌మాస్టర్ ఒక్కడే. "యాజ్ వెల్ యాజ్", "టుగెదర్ విత్" కూడా ఇంతే. అదే "అండ్" పెడితే లెక్క మారిపోతుంది, బహువచనం.

ఇక్కడే పోటీ పరీక్షల వాళ్లు ఒక గుంట తవ్వి పెడతారు. "ద హెడ్‌మాస్టర్ అండ్ కరెస్పాండెంట్ హ్యాజ్ కమ్" అంటే రెండు పదవులూ ఒకే మనిషివి. "ద హెడ్‌మాస్టర్ అండ్ ద కరెస్పాండెంట్ హ్యావ్ కమ్" అంటే ఇద్దరు మనుషులు. రెండో "ద" ఉందా లేదా అన్నదే ప్రశ్న. నిజానికి ఇది రూపం ముసుగులో ఉన్న భావమే, మనుషుల లెక్క కాబట్టి. "ఇడ్లీ అండ్ సాంబార్ ఈజ్ మై బ్రేక్‌ఫస్ట్" అన్నప్పుడూ అంతే. ప్లేటులో కలిసి వచ్చింది కాబట్టి ఒక్కటి. మా ఒడియా పిల్లలు ఇడ్లీ సాంబారు తీసేసి పఖాల (నీళ్లన్నం) పెట్టుకుని, దానికి తోడు బొడి చురా (నలిపిన వడియాలు) చేర్చి రాస్తారు. నాకేం అభ్యంతరం లేదు, కంచం ఒకటే అయితే చాలు.

రూపం కోసం భావాన్ని పూర్తిగా చంపేసే వాక్యాలు కొన్ని ఉన్నాయి, కచ్చితంగా కంఠస్థం చెయ్యాల్సినవి. "మోర్ దెన్ వన్ స్టూడెంట్ వాజ్ ఆబ్సెంట్." ఒకరికన్నా ఎక్కువ అంటే ఇద్దరైనా ఉండాలి, అయినా క్రియ ఏకవచనం, పక్కన "వన్ స్టూడెంట్" ఉంది కాబట్టి. "మెనీ ఎ స్టూడెంట్ హ్యాజ్ ఫెయిల్డ్" కూడా అదే జాతి.

దీని లోటేమిటంటే, కొన్ని చోట్ల వాక్యం కొయ్యబొమ్మలా తయారవుతుంది. "ద ఫ్యామిలీ ఈజ్ క్వారెలింగ్ అమంగ్ ఇట్‌సెల్ఫ్" అని ఒక అమ్మాయి రాసింది, రూపాన్ని నమ్ముకుని. పాపం, నేను చెప్పిన సూత్రమే పాటించింది.

## రెండో దారి: భావం

బ్రిటన్ ఇంగ్లీషులో గుంపు మాటలకు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. గుంపును ఒక సంస్థగా చూస్తే "ఈజ్", అందులోని మనుషుల్ని చూస్తే "ఆర్". "ద కమిటీ హ్యాజ్ పాస్డ్ ఎ రెజల్యూషన్", "ద కమిటీ ఆర్ ఆర్గ్యూయింగ్ అమంగ్ దెమ్‌సెల్వ్స్". రెండో వాక్యంలో "ఆర్" పెట్టగానే బల్ల చుట్టూ కూచున్న మొహాలు కనిపిస్తాయి. అదీ భావం ఇచ్చే లాభం.

దీన్ని మనకు క్రికెట్ కామెంటరీ ఎప్పుడో నేర్పింది. "ఇండియా నీడ్ ట్వెల్వ్ రన్స్" అంటారు, "నీడ్స్" అని కాదు. అక్కడ ఇండియా అంటే పదకొండు మంది. అదే ఇండియా ఇంకో దేశంతో ఒప్పందం మీద సంతకం పెడితే "ఇండియా హ్యాజ్ సైన్డ్". అక్కడ దేశం ఒక్కటి. పేరు ఒకటే, పని మారితే క్రియ మారింది. మగపిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చెప్తే చాలు, ఇక మర్చిపోరు. ఆడపిల్లలకీ ఈ మధ్య అంతే.

డబ్బు, దూరం, కాలం దగ్గర అయితే భావమే రాజు, అమెరికాలో కూడా. "టెన్ థౌజండ్ రుపీస్ ఈజ్ నాట్ ఎనఫ్." మొత్తం ఒక కట్ట. "ఫైవ్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్." ఒకే నడక. రూపాన్ని పట్టుకుని "ఆర్" అంటే ఇక్కడ మార్కు పోతుంది.

"నంబర్" సంగతి ఇంకా చోద్యం. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్", "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ థర్టీ". ముందు "ఎ" ఉంటే "చాలామంది" అని భావం, మాట్లాడుతున్నది పిల్లల గురించి. "ద" ఉంటే మాట్లాడుతున్నది సంఖ్య గురించి. మన తెలుగులో పెట్టి చూడండి. "చాలామంది పిల్లలు రాలేదు" ఒకటి, "పిల్లల సంఖ్య ముప్పై" ఒకటి. తెలుగులో చెప్పుకుంటే కర్త ఎవరో తేలిపోతుంది. "టూ థర్డ్స్", "మెజారిటీ", "ఎ లాట్" లాంటివి కూడా తమ వెనక "ఆఫ్" తరవాత ఏముందో చూసి మారతాయి. "టూ థర్డ్స్ ఆఫ్ ద ఫీల్డ్ ఈజ్", "టూ థర్డ్స్ ఆఫ్ ద స్టూడెంట్స్ ఆర్".

భావం దారిలో నాకు బాగా నచ్చిన కథ అమెరికా పేరుదే. 1787లో రాసిన వాళ్ల రాజ్యాంగంలో, దేశద్రోహం గురించి చెప్పేచోట, యునైటెడ్ స్టేట్స్‌ని "దెమ్" అన్నారు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో సవరణలో కూడా "దెయిర్ జూరిస్‌డిక్షన్" అనే ఉంది. పేరులో స్టేట్స్ అని బహువచనం ఉంది కాబట్టి రూపం ప్రకారం అది సరిగ్గానే ఉంది. ఇప్పుడు వాళ్లని అడగండి, "ద యునైటెడ్ స్టేట్స్ ఈజ్" తప్ప ఇంకోటి అనరు. దేశం ఒక్కటన్న భావం రూపాన్ని మింగేసింది. కమిటీ దగ్గర, టీమ్ దగ్గర రూపం రూపం అని పట్టుబట్టే వాళ్లు సొంత పేరు దగ్గర భావానికి లొంగిపోయారన్న మాట.

లోటు? మీరు కావాలని "ఆర్" పెట్టారా, తెలియక పెట్టారా అన్నది చదివేవాడికి తెలియదు. లండన్ పత్రిక "ద గవర్నమెంట్ ఆర్" అని రాస్తే శైలి అంటారు. గుణుపురం కుర్రాడు రాస్తే తప్పంటారు. అన్యాయమే, కానీ మార్కులు వేసే చోట ఉన్న లోకం అదే.

## మూడో దారి: పక్కనున్న మాట

దీనికి చోటు తక్కువ, కాబట్టి క్లుప్తంగా. "ఐదర్... ఆర్" (ఈ ఆర్ అంటే "లేదా"), "నైదర్... నార్" వచ్చినప్పుడు క్రియకు దగ్గరున్న కర్తను చూడాలి. "నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ వర్ దేర్." తిప్పి రాస్తే "నైదర్ ద స్టూడెంట్స్ నార్ ద టీచర్ వాజ్ దేర్." రెండూ చెల్లుతాయి, కానీ బహువచనాన్ని వెనక్కి నెట్టి మొదటిలా రాస్తే చెవికి హాయిగా ఉంటుంది. ఇంతకు మించి ఈ దారిలో నడవద్దు. "ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ ఆర్" అని రాసేది ఈ పక్క మాట మాయలో పడే. కర్త క్వాలిటీ, మామిడిపళ్లు కాదు.

## నాలుగో దారి: తప్పించుకోవడం

దీన్ని పిరికితనం అనుకోవద్దు. ఇంగ్లీషులో "షల్", "విల్", "కెన్", "మస్ట్" లాంటివి వచనాన్ని బట్టి మారవు. భూతకాలం క్రియలు కూడా, "వాజ్", "వర్" తప్ప, మారవు. "ద కమిటీ డిసైడెడ్" అంటే ఎవరూ ఏమీ అడగలేరు. మన రాజ్యాంగం మొదటి అధికరణమే చూడండి: "ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్." మంత్రిమండలి బాధ్యత గురించి చెప్పే 75వ అధికరణంలో "కౌన్సిల్ ఆఫ్ మినిస్టర్స్ షల్ బి కలెక్టివ్‌లీ రెస్పాన్సిబుల్". రాసినవాళ్లు చట్టం భాష కోసం "షల్" పెట్టారు గానీ, ఈజా ఆరా అన్న తగువే లేకుండా పోయింది.

ఇంకో ఉపాయం, గుంపు మాట పక్కన మనుషుల్ని చేర్చడం. "ద స్టాఫ్" బదులు "స్టాఫ్ మెంబర్స్", "ద కమిటీ" బదులు "మెంబర్స్ ఆఫ్ ద కమిటీ". అప్పుడు రూపమూ బహువచనమే, భావమూ బహువచనమే. నా నోటీసు అలా రాసి ఉంటే ఆ ఎర్ర పెన్నుకి పని ఉండేది కాదు.

పెళ్లి కార్డు చివరికి ఈ దారిలోనే అచ్చయింది. ఫ్యామిలీని తీసేసి "వుయ్ రిక్వెస్ట్ ద ప్లెజర్ ఆఫ్ యువర్ కంపెనీ" అని పెట్టించాను. అన్నగారు ఒప్పుకున్నాడు, ప్రెస్సు కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు. తెలుగు పేజీలో "ఆహ్వానించువారు" అని పెట్టినప్పుడు ఈ టెన్షన్ ఎవరికీ రాలేదు చూశారా.

## ఒక చూపులో

| కర్త | రూపం చెప్పేది | భావం చెప్పేది | మీరు రాయాల్సింది |
|---|---|---|---|
| ద ఫ్యామిలీ, ద టీమ్, ద కమిటీ | ఈజ్ | మనుషుల్ని చూస్తే ఆర్ | సందేహముంటే ఈజ్ |
| ద జ్యూరీ, వాళ్లలో వాళ్లు విడిపోయినప్పుడు | ఈజ్ | ఆర్ | మన పోటీ పరీక్షల్లో ఆర్. అమెరికాకైతే మెంబర్స్ చేర్చి ఆర్ |
| ద పోలీస్, పీపుల్ | గుర్తు లేదు | ఆర్ | ఎప్పుడూ ఆర్ |
| టెన్ రుపీస్, ఒక మొత్తంగా | ఆర్ | ఈజ్ | ఈజ్ |
| ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ | ఈజ్ | ఆర్ | ఆర్ |
| ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ | ఈజ్ | ఈజ్ | ఈజ్ |
| మోర్ దెన్ వన్ స్టూడెంట్ | ఈజ్ | ఆర్ | ఈజ్ |
| ఎవ్రీబడీ, ఈచ్ | ఈజ్ | ఆర్ అనిపిస్తుంది | ఈజ్ |
| నన్ ఆఫ్ దెమ్ | ఈజ్ | ఆర్ | రెండూ వాడుకలో ఉన్నవే, పరీక్షకు ఈజ్ |

## మన పిల్లలకు అసలు మార్కులు పోయేది ఎక్కడ

పట్టికలో చివరి నుంచి రెండో వరుస దగ్గర కాసేపు ఆగండి. ఫ్యామిలీ, కమిటీల గొడవలో పోయే మార్కులు ఒకటో రెండో. "ఎవ్రీబడీ హ్యావ్ కమ్" అని రాసి పోగొట్టుకునేవి బోలెడు. ఇది బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు, ఇంటి భాష నుంచి వచ్చేది. తెలుగులో "అందరూ వచ్చారు", ఒడియాలో "సమస్తే ఆసిలే". రెండు చోట్లా క్రియ బహువచనమే. తెలుగు పిల్లాడూ, ఒడియా పిల్లాడూ చెరో బెంచీలో కూచుని, చూసిరాత ఏమీ లేకుండా, ఒకే తప్పు రాస్తారు. "ఒక్కొక్కరూ వచ్చారు" అనే అలవాటుతో "ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హ్యావ్" అంటారు. ఇంగ్లీషు మాత్రం "ఎవ్రీబడీ"లోని "బడీ"ని చూస్తుంది, ఒక్క ఒళ్లు. అందుకని "హ్యాజ్". పిల్లలకు నేను చెప్పే కిటుకు ఇదే: అందరూ అని కాకుండా "ప్రతి మనిషీ" అని మనసులో అనుకోండి. "ప్రతి మనిషీ వచ్చాడు" అంటాం కదా, వచ్చారు అనం.

ఇంకోటి, "వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఆర్". ఇందులో రెండు తప్పులు ఒకదాని వీపు ఒకటి గోక్కుంటున్నాయి. స్నేహితులు చాలామంది, కాబట్టి "ఫ్రెండ్స్". వాళ్లలో ఒక్కడు, కాబట్టి "ఈజ్". ఎస్సు ఉండాల్సిన చోట తీసేసి, ఏకవచనం ఉండాల్సిన చోట బహువచనం పెట్టారు. దీనికి చుట్టం, "వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ ఆర్". ఇక్కడ "హూ" స్టూడెంట్స్‌ని చూపిస్తుంది కాబట్టి "ఆర్" అనేది గ్రామర్ పుస్తకాల మాట. మాటల్లో "ఈజ్" కూడా వినిపిస్తుంది. పరీక్షలో పుస్తకం మాటే వినండి.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

మెట్రిక్ రాసే పిల్లలకైతే నా సలహా ఒకటే. గుంపు మాట కనిపిస్తే రూపం, ఏకవచనం. పైన చెప్పిన పోలీస్, నంబర్, రూపాయలు బట్టీ పట్టండి. మిగతా తత్త్వచింతన ఇంటర్లో చూసుకోవచ్చు.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ (పదో క్లాసు కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్) లాంటి ఉద్యోగ పరీక్షలకు కూచునేవాళ్ల సంగతి వేరు. అక్కడ ప్రశ్న వాక్యంలోనే ఆచూకీ దాచి ఉంటుంది. "డివైడెడ్", "దెయిర్ ఒపీనియన్స్", "అమంగ్ దెమ్‌సెల్వ్స్" కనిపిస్తే గుంపు విడిపోయింది, బహువచనం పెట్టండి. "యునానిమస్", "ఇట్స్ డెసిషన్" కనిపిస్తే ఒక్కటిగా ఉంది, ఏకవచనం. జవాబు క్రియ దగ్గర వెతక్కండి, సర్వనామం దగ్గర వెతకండి. పేపరు తయారుచేసేవాళ్లు సర్వనామాన్ని మార్చరు, క్రియనే మార్చి పెడతారు.

విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లకు బ్రిటన్ పద్ధతైనా, అమెరికా పద్ధతైనా చెల్లుతుంది. కానీ ఒక వ్యాసంలో ఒక పద్ధతే. మొదటి పేరాలో "గవర్నమెంట్ హ్యాజ్" అని మూడో పేరాలో "గవర్నమెంట్ హ్యావ్" అంటే, మీకు రెండు పద్ధతులు తెలుసని ఎవరూ అనుకోరు. అమెరికా కాలేజీకి ఉత్తరం రాస్తుంటే మాత్రం ఇంకో మాట లేదు, ఏకవచనం.

ఆఫీసు ఉత్తరాలు, నోటీసులు రాసేవాళ్లకు నేను నాలుగో దారే చూపిస్తాను. పై అధికారి ఏ పుస్తకం చదువుకున్నాడో మీకు తెలియదు. "మెంబర్స్" చేర్చండి, "విల్" వాడండి, ప్రశాంతంగా ఇంటికి పొండి.

కథలు, వ్యాసాలు ఇంగ్లీషులో రాసుకునే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లు భావం వైపు వెళ్లాలనే నాకుంది. "ద విలేజ్ వర్ ఎస్లీప్" అని ఒకడు రాసుకొస్తే దిద్దబోయి ఆగాను. ఊరంతా ఎవరి మంచం మీద వాళ్లు పడుకున్నట్టు కనిపించింది. వాడికి ఒక్క మాటే చెప్పాను, తరవాతి వాక్యంలో "ఇట్స్" అని రాయకు అని.

ఇక్కడ నా సంకటం ఒకటి చెప్పుకోవాలి. పుస్తకంలో సూత్రం కన్నా చదువుకున్నవాళ్ల నోట్లో వాడుక ముఖ్యమని తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. సవర భాష నేర్చుకుని, దాని వ్యాకరణం రాసిందీ ఇక్కడి నుంచే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన వీధుల్లోనే కూచుని నేను పిల్లలకు "రూపం, రూపం" అని నూరిపోస్తున్నాను. ఆయన వింటే ఏమనేవారో గానీ, ఆయనకు కూడా పరీక్షల కాలంలో పిల్లల తల్లిదండ్రులు ఎదురుపడే ఉంటారు.

దిద్దుకునేటప్పుడు మాత్రం అందరికీ ఒకే పద్ధతి. రాసింది మొదటి నుంచి చదవద్దు, కళ్లు జారిపోతాయి. పెన్సిలు పట్టుకుని క్రియల కింద మాత్రమే గీతలు గియ్యండి. ఒక్కో గీత దగ్గర ఆగి వెనక్కి వెళ్లి కర్త కింద గీయండి, మధ్యలో "ఆఫ్", "అలాంగ్ విత్" ఉంటే దాటెయ్యండి. తరవాత ముందుకు వెళ్లి "ఇట్స్" ఉందో "దెయిర్" ఉందో చూడండి. మూడూ ఒకే మాట చెప్తుంటే పేజీ తిప్పండి.